పరిశోధనలో ‘ఒకటి’ అంటే ఏది? శాంపిల్ లెక్క నుంచి డేటా పట్టిక దాకా

రెండు తొట్లు, ఒక్కోదాంట్లో యాభై చేపలు. ఒక తొట్టి నీళ్లు 24 డిగ్రీల దగ్గర, రెండోది 28 డిగ్రీల దగ్గర ఉంచారు. రెండు నెలలయ్యాక వంద చేపల్నీ తూచి టీ-టెస్ట్ (రెండు సగటుల తేడాని పరీక్షించే పద్ధతి) చేస్తే పి-విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.001 వచ్చింది. ఈ ప్రయోగంలో శాంపిల్ ఎంత అని అడిగితే ఎక్కువమంది వంద అంటారు. అసలు లెక్కలో ఒక్కో ఉష్ణోగ్రతకి ఒకటే. హీటరు పెట్టింది తొట్టికి, చేపకి కాదు. ఒక తొట్టిలో ఫిల్టరు సరిగా పనిచేయక అమ్మోనియా పెరిగితే అందులోని యాభై చేపలూ కలిసే దెబ్బతింటాయి. అప్పుడు కనిపించే తేడా ఉష్ణోగ్రతదా, ఫిల్టరుదా అని విడదీసే దారి ఉండదు. తొట్టికి ఐదొందల చేపలు వేసినా ఉండదు.

ఈ పొరపాటుకి స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1984లో ‘సూడోరెప్లికేషన్’ అని పేరు పెట్టాడు. ఆయన పరిశీలించిన 176 ప్రయోగ అధ్యయనాల్లో 27 శాతంలో ఇది కనిపించింది. జీవశాస్త్రంలోనే కాదు, తరగతి గదుల మీద చేసే సర్వేల్లోనూ, కాంక్రీటు దిమ్మెల పరీక్షల్లోనూ, మెషీన్ లెర్నింగ్ మోడళ్లలోనూ ఇదే తప్పు వేరే వేషంలో వస్తుంది. సాఫ్ట్‌వేర్ తర్వాత మార్చుకోవచ్చు, గణాంక పద్ధతి మార్చుకోవచ్చు. ‘ఒకటి’ అంటే ఏదో తప్పుగా పట్టుకుని డేటా సేకరించాక మాత్రం దిద్దుకోవడం చాలా కష్టం. అందుకే ఈ గైడ్ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక్క వాక్యం

యూనిట్, అంటే ‘ఒకటి’గా లెక్కపెట్టేది, తేలాలంటే ప్రశ్న తేలాలి. ‘విద్యార్థుల నిద్రపై మొబైల్ ఫోన్ ప్రభావం’ అనేది అంశం, ప్రశ్న కాదు. ప్రశ్నలో ఎవరు, ఏది మారుతోంది, దేంతో పోలుస్తున్నాం, ఏం కొలుస్తున్నాం, ఎంత తేడా ఉంటే లెక్కలోకి తీసుకుంటాం అనే ఐదూ ఉండాలి. ఉదాహరణకి: ‘పడుకునే ముందు గంటసేపు ఫోన్ పక్కన పెట్టమని చెప్పిన డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులు, అలా చెప్పని వాళ్లకన్నా రాత్రికి సగటున కనీసం 30 నిమిషాలు ఎక్కువ నిద్రపోతారా?’

ఇందులో అందరూ వదిలేసేది ఆ ‘కనీసం 30 నిమిషాలు’. శాంపిల్ లెక్కంతా దాని మీదే నిలబడుతుంది. ఆ అంకెని పాత పేపర్లలో వచ్చిన తేడా చూసి పెట్టుకోకూడదు. అచ్చయిన తేడాలు సాధారణంగా నిజమైనదానికన్నా పెద్దగా ఉంటాయి, ఎందుకంటే పెద్ద తేడా వచ్చినవే అచ్చుకి తేలిగ్గా వెళ్తాయి. ఎంత తేడా వస్తే ఎవరైనా తమ పద్ధతి మార్చుకుంటారు అని ఆలోచించి పెట్టుకోవాలి. కొత్త మిశ్రమం వల్ల కాంక్రీటు బలం 1 మెగాపాస్కల్ పెరిగితే ఏ ఇంజనీరూ తన డిజైన్ మార్చడు. 3 పెరిగితే ఆలోచిస్తాడు. అయితే మీ అంకె 3.

యూనిట్‌ని పట్టుకోవడం

ప్రయోగమైతే ఒకే ప్రశ్న వేసుకోండి: చీటీలు వేసినప్పుడు, పక్కదానితో సంబంధం లేకుండా వేరే ట్రీట్‌మెంట్ (మనం మార్చి చూసే మందు, ఉష్ణోగ్రత లాంటిది) దక్కే అవకాశం ఉన్న అతి చిన్న వస్తువు ఏది? అదే యూనిట్. ఈ ప్రశ్నకి జవాబు ప్రతి చోటా ఒకేలా ఉండదు.

ఒక పంజరంలో ఐదు ఎలుకలు ఉన్నాయనుకుందాం. మందు తాగే నీళ్లలో కలిపితే ఐదూ అదే నీళ్లు తాగుతాయి కాబట్టి యూనిట్ పంజరం. అదే మందుని ఒక్కో ఎలుకకి విడిగా ఇంజెక్షన్ ఇచ్చి, ఒకే పంజరంలో కొన్నింటికి మందు, కొన్నింటికి ఉత్త సెలైన్ ఇస్తే యూనిట్ ఎలుక. అప్పుడు పంజరాన్ని బ్లాక్‌గా (ఒకే పరిస్థితుల్లో ఉండే గుంపుగా) పట్టికలో రాసుకోవాలి. మందుని చూలు ఎలుకకి ఇచ్చి పుట్టిన పిల్లల్ని కొలిస్తే యూనిట్ తల్లి, అంటే ఒక ఈత మొత్తం ఒకటే. ఒక ఈతలో పన్నెండు పిల్లలు పుట్టాయని పన్నెండుగా లెక్కపెట్టడం ఈ రంగంలో పదేపదే కనిపించే తప్పు. ఒకే ఎలుక మెదడు నుంచి ముప్ఫై కణాలు కొలిచినా ఎలుక ఒకటే.

ఇంజనీరింగ్‌లో ఒకే మిక్సరు నుంచి, ఒకే సారి కలిపిన కాంక్రీటుతో ముప్ఫై దిమ్మెలు పోస్తే, మిశ్రమాల మధ్య పోలికకి అది ఒక్కటే. ఆ రోజు ఇసుకలో తేమ కొంచెం ఎక్కువుంటే ముప్ఫై దిమ్మెల్లో నీటి శాతమూ ఎక్కువే. అంతకన్నా దొంగచాటుగా వచ్చేది మెషీన్ లెర్నింగ్‌లో. నాలుగు బేరింగుల కంపనాన్ని ఒక్కోటీ పది నిమిషాలు రికార్డు చేసి సెకను ముక్కలుగా కోస్తే 2400 వరుసలొస్తాయి. వాటిని కలగలిపి శిక్షణకి 80 శాతం, పరీక్షకి 20 శాతం పంచితే, ఒకే బేరింగు ముక్కలు రెండు వైపులా ఉంటాయి. బేరింగులో లోపాన్ని పట్టుకోవలసిన మోడల్, దాన్ని కాకుండా ఆ బేరింగు గొంతుని గుర్తుపెట్టుకుంటుంది. కచ్చితత్వం 99 శాతం దాకా కనిపిస్తుంది, ఐదో బేరింగు దగ్గర కూలిపోతుంది. పంపకం బేరింగు వారీగా చేయాలి: కొన్ని బేరింగులు పూర్తిగా శిక్షణకి, కొన్ని పూర్తిగా పరీక్షకి. మనుషుల నుంచి సెన్సర్ డేటా తీసుకునే చోట కూడా పంపకం మనిషి వారీగానే.

సామాజిక శాస్త్రాల్లో కొత్త బోధనా పద్ధతిని తరగతికి మొత్తంగా అమలు చేస్తే యూనిట్ తరగతి. ఒకే టీచరు, ఒకే గది, ఒకే సహవాసం వల్ల పిల్లల మార్కులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ప్రయోగం లేని మామూలు సర్వేలో కూడా ఒక కాలనీని ఎంచుకుని అందులో ఇరవై ఇళ్లు అడిగితే ఇదే పరిస్థితి, ఎందుకంటే ఇరుగుపొరుగు ఆదాయంలో, చదువులో, అభిప్రాయాల్లో ఒకరినొకరు పోలి ఉంటారు.

ఈ పోలిక ఎంతో చెప్పే అంకెని ఇంట్రాక్లాస్ కోరిలేషన్ అంటారు. 0 అయితే గుంపులోని వాళ్లకి ఏ పోలికా లేదు, 1 అయితే అందరూ ఒకటే. దీన్నుంచి శాంపిల్ ఎంత కరిగిపోతుందో లెక్కగట్టే సూత్రం సర్వే గణాంక శాస్త్రవేత్త లెస్లీ కిష్ పేరుతో ప్రసిద్ధం:

డిజైన్ ఎఫెక్ట్ = 1 + (గుంపు పరిమాణం − 1) × ఇంట్రాక్లాస్ కోరిలేషన్

పది తరగతులు, తరగతికి 40 మంది, మొత్తం 400 మంది. కోరిలేషన్ 0.15 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 1 + 39 × 0.15 = 6.85. మీ 400 మంది విలువ 400 ÷ 6.85, అంటే సుమారు 58 మంది. అదే 400 మందిని నలభై తరగతుల నుంచి పదేసి మంది చొప్పున తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 2.35కి దిగుతుంది, విలువ 170కి పెరుగుతుంది. ఖర్చు పెట్టే చోటు ఇక్కడ తెలుస్తుంది. గుంపులో మనుషుల్ని పెంచడం కన్నా గుంపుల సంఖ్య పెంచడం దాదాపు ఎప్పుడూ లాభం.

ఎన్ని కావాలి

రెండు గ్రూపుల సగటుల్ని పోల్చడానికి జేబులో పెట్టుకోదగ్గ సూత్రం ఒకటుంది. మీరు పట్టుకోవాలనుకున్న తేడాని ప్రామాణిక విచలనంతో (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెతో) భాగించండి, వచ్చినదాన్ని వర్గం చేయండి, 16ని దానితో భాగించండి. ఒక్కో గ్రూపుకి కావలసిన యూనిట్ల సంఖ్య అదే. 5 శాతం ప్రాముఖ్యతా స్థాయి (లేని తేడాని ఉందనుకునే ప్రమాదం), 80 శాతం పవర్ (ఉన్న తేడాని పట్టుకునే అవకాశం) కోసం ఇది సరిపోతుంది. కాంక్రీటు ఉదాహరణలో పట్టుకోవలసిన తేడా 3 మెగాపాస్కల్, విచలనం కూడా 3 అయితే గ్రూపుకి 16 మిశ్రమాలు. తేడా 1.5 చాలనుకుంటే 64. తేడా సగమైతే శాంపిల్ నాలుగింతలు. ఈ సూత్రం యూనిట్ల సంఖ్య చెబుతుంది, దిమ్మెల సంఖ్య కాదు. చేపల ప్రయోగంలో అయితే తొట్ల సగటుల మధ్య ఉండే విచలనం వాడాలి, చేపల మధ్య ఉండేది కాదు.

విచలనం ఎక్కణ్నించి తెస్తారు? పైలట్ (అసలు పనికి ముందు చేసే చిన్న ప్రయోగం) నుంచి. కానీ చిన్న పైలట్ ఇచ్చే విచలనం నమ్మదగింది కాదు. ఐదు యూనిట్ల పైలట్‌లో 3 వచ్చిందంటే, అసలు విలువ 1.8 నుంచి 8.6 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఐదుకి 95 శాతం విశ్వాస అవధి (అసలు విలువ ఉండగల పరిధి) అంత వెడల్పు. అందుకని పది యూనిట్ల పైలట్ అయితే వచ్చిన విచలనాన్ని 1.3తో, ఐదు యూనిట్లయితే 1.55తో హెచ్చించి సూత్రంలో వేయండి. ఇలా చేస్తే నిజమైన విచలనాన్ని తక్కువ అంచనా వేసే ప్రమాదం ఐదింట ఒక వంతుకి తగ్గుతుంది.

శాతాల్ని అంచనా వేసే సర్వేకి లెక్క వేరు. 95 శాతం విశ్వాసంతో, అటూ ఇటూ 5 శాతం తేడాతో చెప్పాలంటే 385 మంది కావాలి. ఈ 384, 385 అంకెని ఎన్నో థీసిసుల్లో మంత్రంలా వాడేస్తారు. అది పెద్ద జనాభా నుంచి ఒక్కొక్కరినీ విడివిడిగా చీటీ వేసి ఎంచుకున్నప్పుడు మాత్రమే చెల్లుతుంది. కాలనీల వారీగా ఎంచుకుని, డిజైన్ ఎఫెక్ట్ 2 ఉంటే 770 కావాలి. అడిగిన వాళ్లలో 60 శాతమే జవాబిస్తారనుకుంటే 770 ÷ 0.6, అంటే 1284 మందిని సంప్రదించాలి. ఆడవాళ్లకి, మగవాళ్లకి విడివిడిగా శాతాలు చెప్పాలంటే ఈ లెక్క ఒక్కో వర్గానికీ విడిగా చేయాలి.

జవాబివ్వని వాళ్ల స్థానంలో ఎక్కువమందిని చేర్చడం సంఖ్యని నింపుతుంది, పక్షపాతాన్ని తీయదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి బ్యాలట్లు పంపింది, ఇరవై లక్షలకి పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ భారీగా గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోను, కారు యజమానుల జాబితాల నుంచి వచ్చాయి. పైగా తిరిగి పంపినవాళ్లు పంపనివాళ్లలాంటి వాళ్లు కారు. కాబట్టి ముగ్గురు నలుగురు కొత్తవాళ్లని వెతికే బదులు, జవాబివ్వని ఒక్కరి దగ్గరికి వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లడం మేలు.

జంతువుల విషయంలో ఈ లెక్క నైతిక బాధ్యత కూడా. 1959లో రసెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలు ఇప్పటికీ పునాది: వీలైతే జంతువుకి ప్రత్యామ్నాయం వాడటం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం. ఇందులో రెండోదాన్ని ‘ఎంత తక్కువైతే అంత మంచిది’ అని చదవకూడదు. ఏమీ తేల్చలేని ఆరు ఎలుకల ప్రయోగంలో ఆరు ప్రాణాలూ వృథా. ఎథిక్స్ కమిటీ అనుమతి, మనుషులైతే సమ్మతి పత్రం, మొదటి కొలతకి ముందే చేతిలో ఉండాలి. పని మొదలెట్టాక వెనక తేదీతో అనుమతి రాదు.

చీటీలు నిజంగా వేయడం

‘యాదృచ్ఛికంగా ఎంచుకున్నాం’ అని రాసిన చాలా చోట్ల జరిగింది చేతికి దొరికింది తీసుకోవడం. పంజరంలో చెయ్యి పెడితే మొదట దొరికేది మందకొడి ఎలుక, లేదా చేతికి అలవాటైనది. మొదటి పది కంట్రోల్‌కి (మందు ఇవ్వని గ్రూపుకి), తర్వాతి పది మందుకి వేస్తే గ్రూపుల మధ్య తేడా ప్రయోగానికి ముందే పుట్టేసింది. అన్నిటికీ ముందు నంబర్లు వేయండి. కంప్యూటర్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు తీసి పంచండి. వాడిన సీడ్ సంఖ్యని (యాదృచ్ఛిక జాబితా మొదలయ్యే అంకెని) నోటు పుస్తకంలో రాయండి, మళ్లీ నడిపితే అదే జాబితా రావాలి.

అంతా ఒకే కుప్పగా పంచే బదులు బ్లాకులుగా పంచడం దాదాపు ఎప్పుడూ మంచిది. ఆరు అరల స్టాండు, అరకి నాలుగు పంజరాలు, నాలుగు మోతాదులు ఉంటే, ప్రతి అరలోనూ నాలుగు మోతాదులూ ఒక్కోటి వచ్చేలా, ఏ పంజరానికి ఏది అన్నది అర లోపల చీటీతో తేల్చండి. పై అరలో వెలుతురు ఎక్కువ, కింది అరలో తక్కువ. ఆ తేడా అన్ని మోతాదులకీ సమంగా పడుతుంది. విశ్లేషణలో అరని ఒక కారకంగా చేర్చడం మర్చిపోవద్దు, లేకపోతే బ్లాక్ పెట్టిన శ్రమకి సగం ఫలితమే దక్కుతుంది.

ట్రీట్‌మెంట్ పంచాక పని అయిపోలేదు. కొలిచే వరుస కూడా చీటీతోనే. పరీక్ష యంత్రంలో ఉదయం ఆయిల్ చల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి వేడెక్కుతుంది. బలాన్ని కొలిచే లోడ్ సెల్ సున్నా మెల్లగా జరుగుతుంది. పాత మిశ్రమం దిమ్మెలన్నీ ఉదయం, కొత్తవన్నీ మధ్యాహ్నం విరిస్తే ఆ జరుగుడు మొత్తం మీ ‘ఫలితం’లో కలిసిపోతుంది. సర్వేలో ఇదే పాత్ర ఇంటర్వ్యూ చేసేవాళ్లది. ఒకరికి ఒక కాలనీ మొత్తం అప్పగిస్తే కాలనీ తేడా, మనిషి తేడా విడదీయలేం. ప్రతి కాలనీలో కనీసం ఇద్దరు పనిచేసేలా పంచండి. ఇంటికి వెళ్లాక తలుపు తీసినవాళ్లని అడిగేయకూడదు, పగలు ఇంట్లో ఉండేవాళ్లే ఎక్కువ పడతారు. ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరి పుట్టినరోజు ముందు వస్తుందో వాళ్లని అడగడం సులువైన పద్ధతి.

ప్రయోగాన్ని ఒకే వారంలో ముగించే బదులు మూడు నాలుగు విడతలుగా, ప్రతి విడతలోనూ అన్ని గ్రూపులూ ఉండేలా చేయడానికి బలమైన కారణముంది. 1999లో క్రాబ్, వాల్‌స్టెన్, డ్యూడెక్ మూడు ప్రయోగశాలల్లో ఒకే జాతుల ఎలుకల మీద, ఒకేలాంటి పరికరాలతో, ఒకే పద్ధతిలో ప్రవర్తన పరీక్షలు చేశారు. అంత జాగ్రత్త పడ్డా కొన్ని పరీక్షల్లో ఫలితాలు ప్రయోగశాలని బట్టి మారిపోయాయి. ఒక చోట, ఒక వారంలో వచ్చిన ఫలితానికి మనం ఇచ్చే నమ్మకం దాని స్థోమతకి మించినదని అది చూపించింది.

కొలిచే చెయ్యి, కొలిచే పరికరం

పరికరం చూపే దశాంశ స్థానాలకీ దాని కచ్చితత్వానికీ సంబంధం లేదు. కె-రకం థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ సెన్సరు) మీటరు 0.1 డిగ్రీ దాకా చూపిస్తుంది. కానీ ప్రామాణిక శ్రేణి తీగకి అనుమతించిన తేడా అటూ ఇటూ 2.2 డిగ్రీలు, లేదా చూపిన విలువలో 0.75 శాతం, ఏది ఎక్కువైతే అది. ఇలా ‘అటూ ఇటూ ఇంత’ అని మాత్రమే తెలిసినప్పుడు దాన్ని 1.73తో భాగించి ప్రామాణిక అనిశ్చితిగా తీసుకోవాలి: 2.2 ÷ 1.73 = 1.27 డిగ్రీలు. తొట్ల మధ్య మీరు పెట్టిన తేడా 1 డిగ్రీ అయితే, ఒక్కో తొట్టిలో ఒక్కో థర్మోకపుల్ పెట్టి ఆ తేడాని నిరూపించలేరు. రెండు మార్గాలున్నాయి. ఒకే సెన్సరుతో అన్ని తొట్లూ కొలిస్తే దాని సొంత తప్పు అన్నిటికీ ఒకేలా పడి, పోలికలో పోతుంది. లేదా సెన్సర్లన్నిటినీ కలిపి, కలుపుతూ ఉన్న ఒకే నీటి పాత్రలో, మీరు వాడబోయే పరిధిలో కనీసం మూడు ఉష్ణోగ్రతల దగ్గర సరిచూసి, ఒక్కోదానికి దిద్దుబాటు పట్టిక రాసుకోండి. సున్నా దగ్గర ఒక్కచోట సరిచూస్తే చాలదు, తప్పు పైకి వెళ్లేకొద్దీ పెరగొచ్చు.

ప్రశ్నావళి కూడా పరికరమే. అచ్చుకి పంపేముందు ఎనిమిది, పది మంది చేత మనసులో ఆలోచన పైకి చెబుతూ జవాబులు ఇప్పించండి: ‘ఈ ప్రశ్న మీకేం అర్థమైంది? ఈ జవాబు ఎలా లెక్కపెట్టుకున్నారు?’ ‘మీ బడిలో నీళ్లు, మరుగుదొడ్లు బాగున్నాయా’ అనే ప్రశ్నలో రెండున్నాయి. నీళ్లు బాగుండి మరుగుదొడ్డి బాగోకపోతే ఏం చెప్పాలి? ‘మీరు సాధారణంగా వ్యాయామం చేస్తారా’ అంటే ఎవరి సాధారణం వాళ్లది. ‘గత ఏడు రోజుల్లో ఎన్ని రోజులు’ అని అడగండి.

ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా గురించి ఒక హెచ్చరిక. 1951 నుంచి వాడుకలో ఉన్న ఈ అంకె 0.7 దాటితే ప్రశ్నావళి మంచిదన్నట్టు థీసిసుల్లో రాసేస్తారు. ప్రశ్నల మధ్య సగటు కోరిలేషన్ 0.2 మాత్రమే ఉన్నా, అలాంటివి ఇరవై పెడితే ఆల్ఫా 0.83 వస్తుంది. ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయని అది చెప్పదు. ప్రశ్నల సంఖ్యనీ సగటు కోరిలేషన్‌నీ పక్కన రాస్తే చదివేవాళ్లకి అసలు సంగతి తెలుస్తుంది.

జంతువుల ప్రవర్తన చూసేటప్పుడు కంటబడిందల్లా రాసుకుంటూ పోతే కొట్లాటలు, అరుపులు ఎక్కువ పడతాయి, నిద్ర, మేత తక్కువ పడతాయి. జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఈ పద్ధతుల్ని వరుసగా విడదీసి చూపించింది. నిర్ణీత సమయంపాటు ఒకే జంతువుని వెంటాడి చూడటం ఒకటి, ఐదు నిమిషాలకోసారి గుంపంతటినీ కలయజూసి ఎవరు ఏం చేస్తున్నారో రాయడం ఇంకొకటి. అరుదుగా, క్షణాల్లో జరిగే పనులకి మొదటిది, రోజులో ఎంత సమయం దేనికి పోతోందో తెలుసుకోడానికి రెండోది. ఏ పద్ధతైనా జంతువుల్ని విడివిడిగా గుర్తుపట్టగలగాలి. లేకపోతే ఒకే కోతిని ముప్ఫైసార్లు చూసి ముప్ఫై అని రాసే ప్రమాదం మళ్లీ వస్తుంది.

ఇద్దరు పరిశీలకుల మధ్య పొంతనని శాతంలో చెప్పకండి. వంద క్షణాల్లో ఇద్దరూ ‘విశ్రాంతి’ అన్నవి 85, ఇద్దరూ ‘కదలిక’ అన్నవి 5, ఒకరొకటి ఇంకొకరొకటి అన్నవి ఐదు చొప్పున 10. పొంతన 90 శాతం, చూడ్డానికి ఘనంగా ఉంది. కానీ ఇద్దరూ 90 సార్లు విశ్రాంతి అన్నారు కాబట్టి కళ్లు మూసుకుని రాసినా 0.9 × 0.9 + 0.1 × 0.1 = 82 శాతం పొంతన వచ్చేది. యాదృచ్ఛికంగా వచ్చే పొంతనని తీసేసి చూసే కోహెన్ కప్పా లెక్క (0.90 − 0.82) ÷ (1 − 0.82) = 0.44. కదలికని వాళ్లిద్దరూ ఒకేలా గుర్తించడం లేదు. నిర్వచనం మళ్లీ రాసుకుని, కొత్త వీడియో మీద మళ్లీ సాధన చేయాలి.

కొలిచేవాళ్లకి ఏది ఏ గ్రూపో తెలియకూడదు. 1963లో రోజెంతాల్, ఫోడ్ మామూలు ఎలుకలకే ‘తెలివైనవి’, ‘మందమతులు’ అని పేర్లు తగిలించి విద్యార్థులకిచ్చారు. తెలివైనవని చెప్పిన ఎలుకలు నిజంగానే మెరుగైన ఫలితాలు చూపించాయి. ప్రయోగంతో సంబంధం లేని ఒకరి చేత శాంపిల్ శాంపిల్‌కీ వేరే కోడ్ వేయించండి. గ్రూపు మొత్తానికి ‘అ’, ‘ఆ’ అని రెండే కోడ్లు వేస్తే, ఒక్క శాంపిల్ దగ్గర ఊహ కుదిరితే మిగతావన్నీ బయటపడిపోతాయి.

పట్టిక

మొదటి అసలు కొలతకి ముందే, రెండు మూడు యూనిట్లతో మొత్తం పని చివరిదాకా ఒకసారి నడపండి: పంచడం, కొలవడం, పట్టికలో ఎక్కించడం, విశ్లేషణ, గ్రాఫ్. ‘పంజరం నంబరు రాసుకునే గడి లేదే’ అన్న సంగతి అప్పుడే బయటపడుతుంది. నంబరు రాసుకోకపోతే ఆ తర్వాత ఏ గణాంక పద్ధతీ దాన్ని తిరిగి తీసుకురాదు.

పట్టికలో ఒక కొలతకి ఒక వరుస, ఒక సంగతికి ఒక నిలువు గడి. యూనిట్, దాని పై గుంపు, బ్లాక్, విడత, కొలిచినవాళ్లు, పరికరం, తేదీ అన్నిటికీ విడి గడులు. తేదీని 2024-03-07 అని సంవత్సరం ముందు రాయండి, లేకపోతే మార్చి ఏడా జులై మూడా అని తర్వాత తన్నుకోవాలి. కొలమానం గడి పేరులోనే ఉండాలి: ‘బరువు_గ్రాములు’. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక అంగారకుడి దగ్గర పోవడానికి కారణం ఒక సాఫ్ట్‌వేర్ పౌండు-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన అంకెల్ని ఇంకొకటి న్యూటన్ సెకన్లుగా తీసుకోవడం. లేని విలువకి 0 గానీ 999 గానీ వేయొద్దు, ఖాళీ వదిలి, ఎందుకు లేదో పక్క గడిలో రాయండి. ఎక్సెల్ కొన్ని పేర్లని తనంతట తను తేదీలుగా మార్చేస్తుంది. మనిషి జన్యువుల పేర్లలో కొన్నింటిని ఈ కారణంగానే మార్చవలసి వచ్చింది. గడులన్నీ ముందే టెక్స్ట్‌గా పెట్టి అప్పుడు ఎక్కించండి. ముడి ఫైలుని చదవడానికి మాత్రమే వీలయ్యేలా తాళం వేసి, దిద్దుబాట్లన్నీ వేరే ఫైల్లో స్క్రిప్టుతో చేయండి.

విశ్లేషణ ముందే రాసుకోవడం

ప్రధాన ఫలితం ఏది, ఏ పరీక్ష, ఏ యూనిట్లని ఏ కారణంతో తీసేస్తారు: ఈ మూడూ డేటా చూడకముందే తేదీ వేసి రాసుకోండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై ఫలితాల్ని 5 శాతం స్థాయిలో పరీక్షిస్తే, అసలు ఏ ప్రభావమూ లేకపోయినా కనీసం ఒక్కటి ‘ప్రాముఖ్యం’ అని తేలే అవకాశం 64 శాతం. తీసివేతల్లో జాగ్రత్త ఎక్కువ కావాలి. చనిపోయిన చేపల్ని వదిలేసి బతికినవాటి బరువే తూచితే, ఎక్కువ చేపల్ని చంపిన తొట్టిలో బలమైనవే మిగిలి సగటు బరువు బాగా కనిపిస్తుంది. అందుకే మరణాల్ని విడి ఫలితంగా రాయాలి.

పద్ధతి విషయంలో మిక్స్‌డ్ మోడల్ (గుంపునీ, గుంపులోని వాటినీ కలిపి లెక్కించే గణాంక పద్ధతి) ఒక్కటే దారి అనుకోనక్కర్లేదు. గుంపుల పరిమాణం ఇంచుమించు సమానంగా ఉంటే, ఒక్కో యూనిట్‌కి సగటు తీసి ఆ సగటుల మీద మామూలు టీ-టెస్ట్ చేయడం నిజాయితీగానూ, వైవాలో వివరించడానికి తేలిగ్గానూ ఉంటుంది. ఉష్ణోగ్రతకి మూడు తొట్ల చొప్పున ఉంటే స్వేచ్ఛా పరిమితులు (మొత్తం తొట్లలోంచి గ్రూపుల సంఖ్య తీసేస్తే మిగిలేది) 4, దాటవలసిన టీ విలువ 2.78. వంద చేపల్ని లెక్కపెట్టినప్పుడు 1.98 దాటితే చాలనిపించింది. గుంపులు పదీ పన్నెండే ఉన్నప్పుడు క్లస్టర్ రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్లని (గుంపుల పోలికని సర్దుబాటు చేసే అనిశ్చితి అంచనాల్ని) నమ్ముకోవద్దు, అవి తేడాని ఉన్నదానికన్నా కచ్చితంగా చూపిస్తాయి.

డేటా వచ్చేశాక తప్పు తెలిస్తే

ముందు సగటులు తీసి నిజమైన యూనిట్ల సంఖ్యతో మళ్లీ లెక్కించండి. ప్రాముఖ్యం పోతే పోనివ్వండి. తేడా ఎంత, దాని విశ్వాస అవధి ఎంత అన్నది రాయండి, శీర్షికలో ‘ప్రభావం’ తీసి ‘ప్రాథమిక పరిశీలన’ అని మార్చండి. ఒక్కో వైపు ఒకటే యూనిట్ ఉంటే అవధి కూడా రాదు, వర్ణన మాత్రమే మిగులుతుంది.

సమయం ఉంటే మాత్రం దారి మూసుకుపోలేదు. రెండే తొట్లున్నా ప్రయోగాన్ని విడతలుగా మళ్లీ చేయొచ్చు. ప్రతి విడతకీ తొట్లు ఖాళీ చేసి, కడిగి, ఫిల్టరు మీడియాని మళ్లీ ఒకేలా సిద్ధం చేసి, కొత్త చేపల్ని వేయాలి. ఏ తొట్టికి 28 డిగ్రీలన్నది తిప్పుతూ పోవాలి: మొదటిసారి ఎడమది, రెండోసారి కుడిది. మూడో విడత నుంచి రెండేసి విడతలు కలిపి చూసి, మొదటిదానికి చీటీ వేసి, రెండోదానిలో దాన్ని తారుమారు చేయాలి. ఆరు విడతలయ్యాక ఒక్కో విడత ఒక జత, జతలో తేడా ఒక అంకె, ఆ ఆరు అంకెల మీద జత టీ-టెస్ట్ (జతల తేడాల సగటు సున్నా కాదా అని చూసే పరీక్ష). తొట్టికి యాభై చేపలు అక్కర్లేదు, సగటు స్థిరంగా రావడానికి పది పదిహేను చాలు. కాంక్రీటుకైతే ఒకే మిశ్రమంలో ముప్ఫై దిమ్మెల బదులు, వేర్వేరు రోజుల్లో విడిగా తూచి కలిపిన పది మిశ్రమాలు, మిశ్రమానికి మూడు దిమ్మెలు. తరగతులకైతే తర్వాతి సెమిస్టరులో అదే టీచర్లు పద్ధతులు మార్చుకోవడం. మొదటిసారి సేకరించిన డేటాని పారేయక్కర్లేదు, పట్టికలో అది మొదటి విడత అవుతుంది.